మధ్యలో ఆపేసిన పుస్తకం ఏది?

ఈసారి ఉత్తరాల్లో నచ్చిన పుస్తకం పేరు రాయొద్దన్నాం. డబ్బు పెట్టి కొని, మొదలుపెట్టి, పక్కన పడేసిన పుస్తకం పేరు రాయమన్నాం. వీలైతే ఎన్నో పేజీ దగ్గర ఆగారో కూడా చెప్పమన్నాం. నచ్చినవి అడిగితే అందరూ ఆ నాలుగు పేర్లే రాస్తారు, దాన్నిబట్టి కొత్తది చెప్పడం కష్టం. ఆగిపోయిన పేజీ అలా కాదు. అక్కడ ఏం అడ్డొచ్చిందో తెలిస్తే తర్వాత ఏది పట్టుకోవాలో సగం తెలిసినట్టే.

ప్ర: సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చిందని ‘శప్తభూమి’ కొన్నాను. నలభై పేజీలు దాటలేదు. మాది కోనసీమ, ఆ భాష పట్టుబడటం లేదు. సీమ నవలలు చదవాలని మాత్రం గట్టిగా ఉంది.
– ఒక పాఠకురాలు, అమలాపురం

జ: పుస్తకం మంచిదే అమ్మా, వరస తప్పింది. బండి నారాయణస్వామి నవలలో మీరు ఒకేసారి రెండు గడపలు దాటాలి. ఒకటి అనంతపురం మాట, రెండోది 18వ శతాబ్దం. అనంతపురం ప్రాంతాన్ని ఏలిన హండే పాలకుల కాలపు కొలువులు, పదవులు, ఆచారాల పేర్లు సీమవాళ్లకే కొత్త. అలవాటు లేనివారికి రెండూ కలిసి మీద పడితే నలభై పేజీలు లాగడమే గొప్ప.

ముందు సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ చదవండి. తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) నవలల పోటీలో బహుమతి పొందిన నవల. 2021లో అదే పేరుతో సినిమా కూడా వచ్చింది. కరువు కాలంలో మేత, నీళ్లు దొరక్క గొర్రెలకాపరులు మందల్ని తోలుకుని నల్లమల ఎక్కడాన్నే కొండపొలం పోవడం అంటారు. ఇంజనీరింగు చదివి, ఉద్యోగం రాక, నలుగురిలో నోరు పెగలని కుర్రాడు తండ్రి వెంట ఆ మందతో అడవిలోకి వెళ్తాడు. అడవి అతనికి ఎంత కొత్తో మీకూ అంతే కొత్త కాబట్టి ప్రతిదీ అతనితోపాటే తెలుస్తుంది. యాస కొత్తయినవాళ్లకు ఇదే మంచి వాకిలి. సినిమా చూసి ఉంటే మరిచిపోయి మొదలుపెట్టండి. నవల బరువంతా అడవి మీద, మంద మీద, పులి భయం మీద ఉంటుంది.

యాస విషయంలో ఒక్క కిటుకు పట్టుకుంటే సగం తలుపులు తెరుచుకుంటాయి. కడప వైపు మాటలో మన ‘స్త’ చాలాచోట్ల ‘చ్చ’ అవుతుంది. చూస్తా అనేది చూచ్చా, చేస్తా అనేది చేచ్చా. అంచేత అక్కడి మనిషి ‘రేపు వచ్చాడు’ అన్నాడంటే రేపు వస్తాడని. వచ్చేసినవాణ్ణి ‘వచ్చినాడు’ అంటారు. దారిలో ఉన్నవాడు ‘వచ్చాండాడు’. ఇది తెలియక కోస్తా పాఠకులు కాలాలన్నీ తారుమారుగా చదివి, రచయిత మీద విసుక్కుంటారు. తెలంగాణ కథల్లోనూ ఇలాంటి గుంటే ఒకటుంది. ‘ఊరికెల్లి వచ్చిండు’ అంటే ఊరికి వెళ్లి వచ్చాడని కాదు, ఊరి నుంచి వచ్చాడని.

మొదటి ఇరవై పేజీలు పైకి చదవండి. కంటికి అడ్డొచ్చిన మాట చెవికి అడ్డురాదు. తెలియని మాట దగ్గర ఆగి నిఘంటువు తీయకండి. మూడోసారి వచ్చేసరికి చాలా మాటలు వాటంతటవే తేలిపోతాయి, తేలనివాటి కిందే పెన్సిల్ గీత పెట్టుకోండి. ‘కొండపొలం’ పూర్తయ్యాక ‘శప్తభూమి’ మళ్లీ మొదటి పేజీ నుంచి అందుకోండి. ఈసారి పేజీగుర్తు మీదే మనుషుల పేర్లు, ఎవరికి ఎవరేమవుతారో రాసుకుంటూ వెళ్లండి.

ప్ర: ఏటా అకాడెమీ అవార్డు పుస్తకం కొనడం నా అలవాటు. 2024కి వచ్చిన ‘దీపిక’ నవల అనుకుని తెప్పించాను. పది పేజీలకే ఆపేశాను. మోసపోయినట్టనిపించింది.
– బ్యాంకు ఉద్యోగి, కరీంనగర్

జ: మోసమేం లేదు, అది సాహిత్య విమర్శ. ఆ అవార్డు నవలలకే ఇచ్చేది కాదు. ఏ ప్రక్రియకైనా రావచ్చు. 2018 ‘విమర్శిని’ విమర్శే, 2021 ‘వల్లంకితాళం’ కవిత్వం. మీకు కావలసింది కథో నవలో అయితే ఈమధ్యవి ఇవి: 2015 ఓల్గా ‘విముక్త’ (కథలు), 2019 ‘శప్తభూమి’ (నవల), 2022 మధురాంతకం నరేంద్ర ‘మనోధర్మపరాగం’ (నవల), 2023 తల్లావజ్ఝల పతంజలిశాస్త్రి ‘రామేశ్వరం కాకులు మరికొన్ని కథలు’. సంగీతం వినే అలవాటుంటే ‘మనోధర్మపరాగం’తో మొదలుపెట్టండి. కచేరీలో ఆలాపన, నెరవు, స్వరకల్పన లాంటివి గాయకుడు అప్పటికప్పుడు అల్లుకునేవి. ఆ పనికే మనోధర్మం అని పేరు. దేవదాసీ కుటుంబాల స్త్రీల బతుకు, పాట కలిసి నడిచే నవల ఇది. సంగీతం బొత్తిగా పట్టనివాళ్లకు కొంచెం నిదానంగా ఉండొచ్చు, ముందే చెబుతున్నాం.

కొత్త గొంతులు కావాలంటే అకాడెమీ యువ పురస్కారాల జాబితా చూడండి. 35 ఏళ్లలోపువాళ్లకే ఇస్తారు. వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’ (2012), పసునూరి రవీందర్ ‘అవుట్ ఆఫ్ కవరేజ్ ఏరియా’ (2015), మానస ఎండ్లూరి ‘మిళింద’ (2020), రమేశ్ కార్తీక్ నాయక్ ‘ఢావ్లో’ (2024) కథల పుస్తకాలు. 2025లో ప్రసాద్ సూరి ‘మైరావణ’ నవలకు వచ్చింది. ఆ జాబితాలోనూ కవిత్వం, విమర్శ ఉంటాయి కాబట్టి ఏది కొన్నా అట్ట వెనక ప్రక్రియ పేరు చూసి కొనండి.

ప్ర: ఆత్మకథలంటే ప్రాణం. కానీ ఈమధ్య ఒక పెద్దమనిషిది నూరు పేజీలు చదివి మూసేశాను. పదవులు, సభలు, సన్మానాలు తప్ప మనిషి కనపడడు. మనిషి కనిపించేవి చెప్పండి.
– విశ్రాంత ఉపాధ్యాయుడు, జగిత్యాల

జ: మాస్టారూ, కొనేముందు చిన్న పరీక్ష పెట్టండి. ముందుమాటలు వదిలేసి పుస్తకం నడిమధ్యలో ఓ పది పేజీలు తిప్పండి. తిండి, ఇంటి అద్దె, అప్పు, జబ్బు, తగాదా ఇందులో రెండైనా కనిపించాలి. పేర్ల ముందు బిరుదులు, పేర్ల వెనక ‘గార్లు’ మాత్రమే కనిపిస్తే అక్కడే పెట్టేయండి. ఫొటోల పేజీలు కథ పేజీలతో పోటీపడుతున్నా అనుమానించాల్సిందే.

ఈ పరీక్షకు నూటికి నూరు తెచ్చుకునేది కొండపల్లి కోటేశ్వరమ్మ ‘నిర్జన వారధి’. 2012లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది, అప్పటికి ఆమె తొంభై దాటారు. బాల్యంలోనే పెళ్లి, వైధవ్యం, తర్వాత కమ్యూనిస్టు నాయకుడు కొండపల్లి సీతారామయ్యతో వివాహం, పార్టీకి ఒంటిమీది నగలు ఇవ్వడం, అజ్ఞాతం. ఆ తర్వాత భర్త వదిలి వెళ్లడం. నడివయసులో మళ్లీ చదువుకు కూర్చోవడం, కాకినాడలో హాస్టల్ ఉద్యోగం, ఇద్దరు బిడ్డల్నీ పోగొట్టుకోవడం. ఇంత బతుకునూ చిన్న పుస్తకంలో చెప్పేశారు. గొంతు పెంచరు. తిట్టాల్సిన చోట కూడా ఒక్క వాక్యం చెప్పి పక్కకు జరుగుతారు. ఆ జరిగిన చోటే పాఠకుడు ఆగాలి. గబగబా చదివితే రెండు పూటల్లో అయిపోతుంది. మేమైతే రోజుకో ఇరవై పేజీలకు మించి వద్దంటాం.

దాని పక్కన మల్లు స్వరాజ్యం ‘నా మాటే తుపాకీ తూటా’ పెట్టుకోండి. 2019లో వచ్చింది. కోటేశ్వరమ్మ రాశారు, స్వరాజ్యం చెప్పారు, ఆ చెప్పినదాన్ని విమల, కాత్యాయని పుస్తకంగా కూర్చారు. తేడా చెవికే తెలుస్తుంది. ఇది ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టే సాగుతుంది. తెలంగాణ సాయుధ పోరాటంలో దళం నడిపిన మనిషి, తుంగతుర్తి నుంచి 1978లో, 1983లో ఎమ్మెల్యే అయిన మనిషి. రెండు పుస్తకాలూ చెప్పేది దాదాపు ఒకే కాలం, ఒకే ఎర్రజెండా నీడ. ఒకదాని తర్వాత ఒకటి చదివితే ఒకరు చెప్పని చోటు ఇంకొకరి దగ్గర తగులుతుంది. ఉద్యమాల తేదీలు సరిచూసుకోవాలంటే మాత్రం వేరే చరిత్ర పుస్తకం పక్కన ఉండాలి. జ్ఞాపకం తేదీల్ని నమ్మకంగా మోయదు, ఎంత నిజాయితీపరులదైనా సరే.

మూడోది పూర్తిగా వేరే లోకం: రేవతి ‘ఒక హిజ్రా ఆత్మకథ’. తమిళనాడు పల్లెలో అబ్బాయిగా పుట్టి ఆడదానిగా బతకాలనుకున్న మనిషి ఇంట్లో, వీధిలో, పోలీసుల దగ్గర పడ్డ పాట్లు. కొన్ని పేజీల్లో హింస సూటిగా ఉంటుంది, మనసు సిద్ధం చేసుకుని తెరవండి. పి. సత్యవతి తెలుగు చేశారు, దానికి 2019 అకాడెమీ అనువాద పురస్కారం వచ్చింది.

ప్ర: అనువాదాలు చదవలేకపోతున్నాను. మూడు పుస్తకాలు ముప్పై పేజీల్లోపే వదిలేశాను. తప్పు నాదా, పుస్తకానిదా?
– పీజీ విద్యార్థిని, తిరుపతి

జ: చాలావరకు పుస్తకానిదే. కొట్లోనే తేల్చుకోవచ్చు. సంభాషణలున్న పేజీ ఒకటి తీయండి. తల్లీకూతుళ్లు పోట్లాడుకుంటూ ‘నేను నిన్ను క్షమించలేకపోతున్నాను’ అనే తరహాలో మాట్లాడుతుంటే వదిలేయండి, ఏ ఇంట్లోనూ అలా పోట్లాడుకోరు. తర్వాత క్రియలు చూడండి. ‘చేయబడింది’, ‘ఇవ్వబడింది’ పేజీకి మూడు నాలుగుంటే అనువాదకుడు వాక్యాన్ని విప్పి మళ్లీ కట్టలేదని లెక్క. ప్రతి నామవాచకం ముందూ ‘ఒక’ కనిపించడం మూడో గుర్తు. నాలుగోది వరసలు: పిన్ని, అత్త, మేనత్త అందరూ ‘ఆంటీ’ అయిపోయారంటే మూలంలో ఉన్న చుట్టరికం ఇంగ్లీషు దారిలో జారిపోయింది.

అలాగని రెండు భాషలు దాటి వచ్చినవన్నీ పనికిరావనుకోకండి. పైన చెప్పిన రేవతి పుస్తకం తమిళం నుంచి వి. గీత చేతిలో ఇంగ్లీషయి, అక్కడి నుంచి తెలుగయింది. అయినా ఎక్కడా తడబడదు. తెలుగు చేసిన సత్యవతి స్వయంగా కథకురాలు కావడం అందుకు పెద్ద కారణం.

ప్ర: మా అమ్మాయి న్యూజెర్సీలో పుట్టింది. తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. మనవాళ్ల గురించి ఇంగ్లీషులో ఏమిస్తే బావుంటుంది? ఓ పురాణాల పుస్తకం ఇస్తే పాతిక పేజీలకు తిరిగిచ్చేసింది.
– ఒక తల్లి, ఎడిసన్

జ: ఓల్గా ‘విముక్త’కు ఇంగ్లీషు అనువాదం ‘ది లిబరేషన్ ఆఫ్ సీత’ ఇవ్వండి. టి. విజయకుమార్, సి. విజయశ్రీ చేశారు. అయిదే కథలు, పల్చని పుస్తకం. అడవిలో సీత శూర్పణఖను మళ్లీ కలుస్తుంది, అహల్యను కలుస్తుంది, రేణుకను కలుస్తుంది. ముక్కూచెవులు పోగొట్టుకున్న శూర్పణఖ ఇప్పుడు పూలతోట పెంచుతూ కనిపిస్తుంది. పురాణం వద్దన్న పిల్లలకు ఇదే సరైన దారి, ఎందుకంటే ఇది ప్రశ్నలతో నడుస్తుంది. మీ దగ్గర తెలుగుది ఉంచుకుని వారానికో కథ ఇద్దరూ చదవండి. ఏ మాటకు ఇంగ్లీషులో ఏం పెట్టారని తను అడిగితే అదే తెలుగు పాఠం.

పెద్దమ్మాయి అయితే, అంటే కాలేజీ వయసుంటే, సుజాత గిడ్ల ‘యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్’ (2017). న్యూయార్క్ సబ్‌వేలో కండక్టరుగా పనిచేసే రచయిత్రి తన కుటుంబ కథ చెప్పారు. శివసాగర్ పేరుతో కవిగా తెలిసిన కె.జి. సత్యమూర్తి ఆమె మేనమామ. ఆయనదీ, ఆమె తల్లిదీ కథే పుస్తకమంతా. పార్టీల పేర్లు, చీలికలు ఎక్కువ. మన రాజకీయం తెలియని పిల్లలు అక్కడే ఆగిపోతారు. మీరు ముందే ఓ అరపేజీ కాలక్రమం రాసి పుస్తకంలో పెట్టి ఇవ్వండి: తెలంగాణ పోరాటం 1946–51, ఆంధ్ర రాష్ట్రం 1953, కమ్యూనిస్టు పార్టీ చీలిక 1964, నక్సల్బరీ 1967. ఇవి నాలుగూ చాలు. ‘నిర్జన వారధి’ కూడా ‘ది షార్ప్ నైఫ్ ఆఫ్ మెమరీ’గా ఇంగ్లీషులో ఉంది. తల్లీకూతుళ్ల మధ్య తెగని లెక్కల గురించే కావాలంటే అరుంధతీ రాయ్ 2025లో రాసిన ‘మదర్ మేరీ కమ్స్ టు మీ’ ఉంది. అది కేరళ కథ అనుకోండి.

ప్ర: బుకర్ వచ్చిందని ‘ఆర్బిటల్’ మొదలుపెట్టాను. అంతరిక్షం అన్నారు, ఏమీ జరగదేం? 50 పేజీల్లో ఆపేశా. నాకు కావాల్సింది సస్పెన్సు.
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, గచ్చిబౌలి

జ: ఏమీ జరగదు, నిజమే. ఆరుగురు వ్యోమగాములు ఒక్క రోజులో భూమి చుట్టూ 16 సార్లు తిరుగుతారు, కిటికీలోంచి చూస్తారు. అది కవిత్వంలా చదవాల్సిన పుస్తకం. మీకు ఆండీ వెయిర్ ‘ప్రాజెక్ట్ హెయిల్ మేరీ’ (2021) సరిపోతుంది. అంతరిక్ష నౌకలో మెలకువ వచ్చిన మనిషికి తన పేరు కూడా గుర్తుండదు, అక్కడి నుంచి పరుగే. నేరకథల్లో కీగో హిగాషినో ‘ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్’. కొత్తదేం కాదు, జపాన్‌లో 2005లో వచ్చింది. హత్య ఎవరు చేశారో మొదట్లోనే చెప్పేస్తాడు. పక్కింటి లెక్కల మాస్టారు దాన్ని ఎలా కప్పిపెట్టాడన్నదే చివరిదాకా లాగుతుంది. తెలుగులో సైన్స్ ఫిక్షన్ రుచి చూడాలంటే అనిల్ ఎస్. రాయల్ కథ ‘నాగరికథ’ వెతకండి.

ప్ర: బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్లం ఎనిమిది మందిమి ‘నెలకో పుస్తకం’ అనుకున్నాం. మూడో నెల 400 పేజీల నవల పెట్టాం. ఇద్దరే చదివి వచ్చారు. గుంపు చెదిరిపోయేలా ఉంది.
– ఒక పాఠకురాలు, మారతహళ్లి

జ: లెక్క వేయండి. 400 పేజీలంటే ముప్పై రోజులూ రోజుకు 13, 14 పేజీలు. పిల్లల పరీక్షలు, చుట్టాలు, ఆఫీసు తీసేస్తే మిగిలేది ఇరవై రోజులు, అంటే రోజుకు ఇరవై. ఎవరూ చదవరు. 180 పేజీలకు మించకుండా హద్దు పెట్టుకోండి. కథల పుస్తకమైతే మొత్తం వద్దు, ముందే మూడు కథలు చెప్పి అవే చదివి రమ్మనండి.

మళ్లీ నిలబెట్టడానికి ఎండపల్లి భారతి ‘ఎదారి బతుకులు’ పెట్టండి. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో గ్రామీణ మహిళలు నడిపిన ‘నవోదయం’ పత్రికలో పనిచేసి రచనలోకి వచ్చినామె. కథలు పొట్టివి, బస్సులో ఒక్కో స్టాపుకు ఒకటి అవుతుంది. మాట మదనపల్లె వైపుది. మీలో ఆ వైపువాళ్లుంటే ఒక కథ వాళ్లచేత పైకి చదివించండి, మిగతావాళ్లకు అర్థం చెప్పే పని తప్పుతుంది. ఆ తర్వాతి నెల ‘ఢావ్లో’, నిజామాబాదు వైపు తండాల బతుకు. బంజారా మాటలుంటాయి, వాటికి భయపడొద్దు. మీరుండేది బెంగళూరులో కాబట్టి మూడో నెల బాను ముష్తాక్ కథలు. దీపా భాస్తి ఇంగ్లీషు చేసిన ‘హార్ట్ ల్యాంప్’కు 2025లో ఇంటర్నేషనల్ బుకర్ వచ్చింది, 12 కథలు. పక్క ఫ్లాటు కన్నడ ఆవిడను కూడా పిలవండి, మూలంలో ఏముందో ఆవిడ చెబుతుంది.

కాపీలు మూడు వారాల ముందే తెప్పించాలి. తెలుగు పుస్తకాలు తక్కువ కాపీలే వేస్తారు, చివరి వారంలో అడిగితే ‘స్టాకు లేదు’ అంటారు. ఎనిమిదీ ఒకేసారి ప్రచురణకర్తనే అడిగితే తపాలా ఖర్చు పంచుకోవచ్చు, కొందరు ధర కూడా తగ్గిస్తారు. కూర్చున్నాక ‘నచ్చిందా?’ అని మొదలుపెట్టకండి. అందరూ ‘బావుంది’ అంటారు, అక్కడితో సరి. ‘ఏ పేజీ దగ్గర వెనక్కి తిప్పి మళ్లీ చదివారు?’ అని అడగండి. గంటంపావు చాలు. టిఫిన్లు చివర్లో పెట్టండి. ముందు పెడితే మాట ఉల్లిపాయల ధర దగ్గరికి వెళ్లి తిరిగి రాదు.

ప్ర: కంటి ఆపరేషన్ అయ్యాక చిన్న అక్షరాలు చదవలేకపోతున్నాను. వినే పుస్తకాలు రెండు ప్రయత్నించి, నిద్రపోయాను.
– 74 ఏళ్ల పాఠకుడు, గుడివాడ

జ: మీరు విన్నవి పెద్ద నవలలై ఉంటాయి. పది పాత్రల పేర్లు చెవితో గుర్తుపెట్టుకోవడం ఎవరికైనా కష్టమే. ఎవరైనా ఒక్కరే ‘నేను’ అని చెప్పుకుపోయేవి చెవికి పడతాయి. అందుకే ఆత్మకథలు, హాస్యం వినండి. తెలుగు ఆడియో పుస్తకాలకు దాసుభాషితం యాప్ ఉంది. మనవళ్లు ఫోన్లో పెట్టి ఇస్తారు. పడుకుని కాకుండా కూర్చుని, ఇరవై నిమిషాలకు మించకుండా, వేగం ఒక మెట్టు తగ్గించి వినండి. ఇంట్లో చదివిపెట్టేవాళ్లుంటే ముళ్లపూడి వెంకటరమణ ‘కోతికొమ్మచ్చి’ చదివించుకోండి. ఎక్కడ తెరిచినా మొదలవుతుంది, ఎక్కడ ఆపినా నష్టం లేదు. చదివేవాళ్లు నవ్వుతూ మధ్యలో ఆగిపోతారు, అదొక్కటే ఇబ్బంది.